ముప్పై ఒకటో పేజీలో మా మరదలు

ఏడాదికోసారి మా ఆఫీసు ఒక పుస్తకం వేస్తుంది. ఆ ఏడాది అంతరిక్షంలో జరిగిన పనుల ఫోటోలు నలభై ఎనిమిది, ఒక్కోదాని కింద రెండేసి వాక్యాలు. రాకెట్లు చేసేవాళ్ళు, వాటిని నడిపేవాళ్ళు మా ఆవరణలో నాలుగు వేల మంది ఉంటే, ఫోటోలు ఏరి పుస్తకంగా కూర్చేవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకే నన్ను బొమ్మలాయన అంటారు. ముప్పై రెండేళ్ళుగా అంటున్నారు. మొదట్లో ఉడుక్కునేవాణ్ణి, తర్వాత అలవాటైపోయింది.

ఈ ఏడాది ఫోటోలకు కరువు లేదు. ఎర్రగ్రహం మీద దుమ్ము తుఫాను కమ్ముకొస్తుంటే అక్కడి బండి తన నీడను తానే తీసుకున్న ఫోటో ఉంది. ఎక్కడో తిరిగే బండరాయి మీంచి మట్టి తెచ్చిన డబ్బా ఉంది. దాని మూతకున్న రెండు స్క్రూలు ఊడి రాక, తెల్లకోట్లు వేసుకున్న ఆరుగురు పెద్దమనుషులు చుట్టూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. లేచిన నిమిషంన్నరకే పేలిపోయిన రాకెట్ ఉంది, పొగ కాలీఫ్లవర్‌లా విచ్చుకుని. గ్రహణం రోజున పైనుంచి తీసిన భూమి ఉంది, దాని మీద చంద్రుడి నీడ వేలిముద్రలా పడి. వీటన్నిటి మధ్య, ముప్పై ఒకటో పేజీలో, మా మరదలు ఉంది.

మా తమ్ముడి భార్య. తమ్ముడు కాలేజీలో లెక్కలు చెబుతాడు. ఆమె భూమికి నాలుగు వందల కిలోమీటర్ల పైన తిరుగుతున్న స్టేషన్‌లో నాలుగు నెలలుగా ఉంటోంది. ఇంట్లో బల్బు మార్చాలంటే కుర్చీ ఎక్కడానికి భయపడి మొగుణ్ణి కేకేసే మనిషి వ్యోమగామి ఎలా అయిందో నాకిప్పటికీ అర్థం కాదు. అడిగితే, కుర్చీ ఊగుతుంది బావగారూ, స్టేషన్ ఊగదు అంటుంది.

ఐదు వారాల కిందట ఆమె మొదటిసారి స్టేషన్ బయటికి వచ్చి పనిచేసినప్పుడు తోటి వ్యోమగామి తీసిన ఫోటో అది. హెల్మెట్ మీది బంగారు తెర పైకెత్తి ఉంది. ఒక చెయ్యి బారుగా చాచి కమ్మీ పట్టుకుని, తల పక్కకు తిప్పి ఎటో చూస్తోంది. నవ్వుదామా వద్దా అన్నట్టు ఉంది మొహం. నాకు పిల్లల్లేరు. ఆ ఫోటో మొదటిసారి తెర మీద తెరిచినప్పుడు నాకు కన్నీళ్ళు వచ్చాయి. చెప్పుకోవడానికి సిగ్గేం లేదు.

నా పనితనం గురించి ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. పుస్తకంలో మనిషి ఫోటో పెడితే ఆ మనిషి చూపు పుస్తకం లోపలికి ఉండాలి. కుడివైపు పేజీలో ఉన్నవాళ్ళు ఎడమకు చూడాలి, ఎడమవైపు ఉన్నవాళ్ళు కుడికి. ఫోటోలోని మనిషి పుస్తకంలోంచి బయటికి చూస్తుంటే చదివేవాడి మనసు కూడా బయటికి పోతుందని నాకు పని నేర్పినాయన చెప్పాడు. చూపు అటు ఉంటే ఏం చెయ్యాలో కూడా ఆయనే చూపించాడు. ఫోటోని అద్దంలో చూసినట్టు అటుది ఇటు తిప్పెయ్యాలి. దుస్తుల మీద అంకెలో అక్షరాలో ఉంటే అవి తిరగబడతాయి కాబట్టి, వాటిని మాత్రం కత్తిరించి సరిగ్గా అతికించాలి. పది నిమిషాల పని. కనిపెట్టిన మొనగాడు లేడు.

ఒకేఒక్కసారి దొరికిపోయాను. చంద్రుణ్ణి తిప్పినప్పుడు ఓ బడిపిల్ల ఉత్తరం రాసింది, గుంటలు అటుండాల్సినవి ఇటున్నాయని. పైవాళ్ళు నన్ను పిలిచి, ఇకమీదట ఏ ఫోటోనూ తిప్పకూడదని కాగితం ఇచ్చారు. ఆ రోజు నుంచి చంద్రుణ్ణి ముట్టుకోలేదు. మనుషుల్ని మాత్రం తిప్పుతూనే ఉన్నాను. మనిషికి కుడైతేనేం, ఎడమైతేనేం అనుకున్నాను.

పుస్తకం ప్రెస్సుకు వెళ్ళాల్సిన రోజు, మరదలు రెండోసారి స్టేషన్ బయటికి వచ్చే రోజు ఒకటే అయ్యాయి. ఆమె పదకొండింటికి బయటికి వస్తుంది. తమ్ముడు ఆ రోజు సెలవు పెట్టాడు. ఏడింటికే ఇద్దరం ఆఫీసుకు వచ్చేశాం. వాడు నా గదిలో ఎత్తు స్టూలు మీద కూర్చుని కాఫీ తాగుతూ, రాత్రంతా నిద్రపోని మొహంతో, నిద్ర బాగానే పట్టిందని రెండుసార్లు చెప్పాడు.

నేను ఒక్కో పేజీ పెద్దది చేసి ఆఖరిసారి చూసుకుంటున్నాను. ముప్పై ఒకటో పేజీ దగ్గర, చాచిన చెయ్యి మీద ఆగాను. గ్లౌజుకీ సూట్ చేతికీ మధ్య ఒక లోహపు కడియం ఉంటుంది. దాన్ని కప్పుతూ గ్లౌజు అంచున గుడ్డ మడత ఉంటుంది. చెయ్యి బారుగా చాచినందువల్ల ఆ మడత కాస్త పైకి లేచింది. దాని కింద కుట్టు వెంబడి నల్లటి గీత కనిపించింది. ఇంకా పెద్దది చేశాను. గీత అంచున దారాలు లేచి ఉన్నాయి.

"ఒరేయ్, ఇటు రా," అన్నాను.

వాడొచ్చి కళ్ళజోడు సర్దుకుని చూశాడు. "ఏంటది?"

"నువ్వే చెప్పు."

"చిరుగులా ఉంది అన్నయ్యా."

నాకూ అలాగే ఉంది. భద్రతా విభాగానికి ఫోన్ చేశాను. అక్కడి పెద్దావిడను అందరూ మేడం అంటారు. పొట్టిగా ఉంటుంది, మాట నెమ్మది, నడక వేగం. ఐదు నిమిషాల్లో నా గదిలో ఉంది. తెరకు మొహం ఆనించినంత దగ్గరగా వచ్చి చూసింది.

"ప్రతిసారీ బయటికెళ్ళే ముందు గ్లౌజులు చూసుకుంటారు," అంది. "వేళ్ళు, అరచెయ్యి, అన్నీ. కానీ ఈ మడత ఎత్తి చూడరు. ఇదే గ్లౌజు ఇవాళ కూడా వేసుకుంటుంది. ఇది ఏ చెయ్యి?"

"ఎడమ," అన్నాను.

"ఖాయమేనా?"

"కనిపిస్తోంది కదండీ, బొటనవేలు ఎటుందో చూడండి."

చూసింది. తలూపింది. "ఇది అసలు ఫోటోనేనా? మీరేమీ మార్చలేదు కదా?"

"రంగు కూడా ముట్టుకోలేదు," అన్నాను.

నేను అబద్ధం చెప్పలేదు. ఈ మాట తర్వాత చాలామందికి చెప్పాను, కొందరు నమ్మారు. మూడు వారాల కిందట ఆ ఫోటోని తిప్పిన సంగతి నాకు ఆ క్షణాన గుర్తులేదు. గుర్తున్నా అది మార్పు కింద నా బుర్రలో లేదు. మొహం కడుక్కున్నావా అని అడిగితే చెబుతాం గానీ, ఊపిరి పీల్చావా అని అడిగితే ఏం చెబుతాం.

"ఫోటోల భాండాగారం నుంచి అసలు కాపీ తెప్పిస్తే అరగంట పడుతుంది," అంది మేడం, గడియారం చూసుకుంటూ.

"ఎందుకండీ, ఇదే అది."

ఆ మణికట్టు ముక్కను మాత్రం కత్తిరించి అచ్చు తీసి ఇచ్చాను. గుడ్డ, కుట్టు, గీత. చుట్టుపక్కల ఇంకేమీ లేదు. ఆవిడ కాగితం పట్టుకుని వెళ్ళిపోయింది.

తొమ్మిదిన్నరకు ఫోన్ చేసింది. పైన వాళ్ళు ఎడమ గ్లౌజు మడత ఎత్తి, దీపం పెట్టి, వేలితో తడిమి చూశారట. కుట్టు కొత్తదానిలా ఉందట. ఫోటోలో ఉన్నది నీడ అయి ఉంటుందని తేల్చారు. "చెప్పి మంచిపని చేశారు," అంది మర్యాదగా. ఆ మర్యాదకే నాకు తల కొట్టేసినట్టయింది. గోరంతను కొండంత చేసే మనిషినని ఇప్పటికే పేరుంది. మూడో కెమెరా కాస్త ఎడమకు జరపండి, మొహం మీద వెలుతురు పడేలా చూడండి అని స్టేషన్‌ను నడిపే కంట్రోల్ కేంద్రాన్ని విసిగిస్తుంటానని.

తమ్ముడు మాత్రం పెద్దగా ఊపిరి వదిలాడు. "నీ కళ్ళజోడు మార్పించాలి అన్నయ్యా," అన్నాడు. వాడు పొద్దుటి నుంచి నవ్వడం అదే మొదటిసారి. నేనూ నవ్వాను. తేలిగ్గా అనిపించింది.

పదకొండుకు పది నిమిషాల ముందు ఇద్దరం కుటుంబాల గదికి వెళ్ళాం. మెత్తటి సోఫా, గోడకు పెద్ద తెర, బల్ల మీద కాగితపు రుమాళ్ళ డబ్బా. ఆ డబ్బా ఎందుకుందో ఆ గదిలో కూర్చున్న వాళ్ళెవరూ మాట్లాడుకోరు. అసలు కేంద్రం పక్క భవనంలో ఉంది. అక్కడికి మమ్మల్ని రానివ్వరు. నా మెడలోని కార్డుకు రెండు తలుపుల దాకానే పరపతి.

తెర మీద స్టేషన్ తలుపు తెరుచుకుంది. ముందు తోటివాడు, వెనక మా మరదలు. ఇద్దరి నడుములకూ రెండేసి తాళ్ళు. ఒకదాని కొక్కెం ముందు కమ్మీకి తగిలించాకే రెండోది వెనక కమ్మీ నుంచి తీయాలి. అలా కొక్కెం మీద కొక్కెం మారుస్తూ స్టేషన్ చివరి కొసకు వెళ్ళడానికి ఆమెకు పన్నెండు నిమిషాలు పట్టింది. అక్కడ పాడైపోయిన పంపు ఒకటి ఉంది. దాన్ని పట్టి ఉంచిన ఎనిమిది బోల్టులు విప్పాలి. తోటివాడు అవతలి వైపు తీగల పనికి వెళ్ళాడు.

ఆమె ఎడమచేత్తో కమ్మీ పట్టుకుని, కుడిచేత్తో పానా ఆనించి తిప్పడం మొదలుపెట్టింది. బిగుసుకుపోయిన బోల్టులు. ఒక్కోదానికీ మణికట్టు మెలిపెట్టి నాలుగైదుసార్లు బలంగా తిప్పాల్సి వస్తోంది. ఆమె ఊపిరి చప్పుడు గదంతా వినిపిస్తోంది.

"ఒకటోది వచ్చింది," అంది. కాసేపటికి, "రెండోది." మూడోది మొండికేసింది. అదీ వచ్చింది.

తమ్ముడు కాస్త కుదుటపడ్డాడు. కబుర్లు వచ్చాయి. "ఆ ఎడమచేతి మీద చిన్న పుస్తకంలా ఉంది చూశావా, పనుల జాబితా. దాని ఆఖరి పేజీలో మా ఇంటి ఫోన్ నంబరు రాసుకుంది. దారి తప్పితే ఎవరైనా దిగబెడతారట."

నవ్వుతూ చూశాను. ఎడమ మణికట్టు మీద తెల్లటి అట్టల చిన్న పుస్తకం, పట్టీతో కట్టి ఉంది. వాళ్ళందరూ అక్కడే కట్టుకుంటారు. కుడిచేత్తో పేజీ తిప్పుకోవాలి కాబట్టి అది ఎప్పుడూ ఎడమచేతికే ఉంటుంది.

నా పేజీలో అది కుడిచేతికి ఉంది.

ముప్పై ఒకటో పేజీ కళ్ళ ముందుకు వచ్చింది, మూడు వారాల కిందటి మధ్యాహ్నం కూడా వచ్చింది. ఛాతీ మీది అంకె తిరగబడితే దాన్ని కత్తిరించి సరిచేసి అతికించి, బాగా కుదిరిందని నన్ను నేనే మెచ్చుకున్న మధ్యాహ్నం. చాచిన చెయ్యి ఎడమది కాదు. చిరిగింది కుడి గ్లౌజు. ఆమె ఇప్పుడు మెలిపెడుతున్నది ఆ మణికట్టునే.

"నాలుగోది," అంది మరదలు.

లేచాను. ఆ గదిలోని ఫోన్‌కు బయటి నుంచి కాల్స్ రావడమే గానీ ఇక్కడి నుంచి పోవు. మేడం కేంద్రంలో ఉంది, ఆవిడ సెల్‌ఫోన్ బయట అరలో పెట్టేసి ఉంటుంది. మిగిలింది ఒక్కటే. నా గదిలో ఒక ఫోన్ ఉంది. ఎత్తితే చాలు, కేంద్రంలో కెమెరాలు చూసే ఆయన బల్ల మీద మోగుతుంది. ఫలానా కెమెరా అటు తిప్పండి, ఇటు తిప్పండి అని నేను ప్రాణం తీసేది ఆ ఫోన్ మీదే.

"ఎక్కడికి?" అన్నాడు తమ్ముడు.

జవాబు చెప్పకుండా పరుగెత్తాను. ఒక అంతస్తు పైకి, వరండా పొడవునా. యాభై ఎనిమిదేళ్ళ మనిషి పరుగెత్తితే ఎలా ఉంటుందో అలాగే ఉంది. గదిలోకి వెళ్ళి ఫోన్ ఎత్తాను. ఏడుసార్లు మోగింది.

"కెమెరా డెస్క్."

"నేనండీ, బొమ్మలాయన్ని. మేడంని పిలవండి. వెంటనే."

"ఇవాళ మూడో కెమెరా తిప్పేది లేదని పొద్దున్నే చెప్పానండీ."

"కెమెరా కాదు, గ్లౌజు."

"గ్లౌజు చూశారు కదండీ, బాగుంది. నీడని తేల్చారు." గొంతు తగ్గించాడు. "ఇక్కడ ఎవరికీ ఊపిరాడట్లేదు. తర్వాత మాట్లాడదాం."

పెట్టేశాడు. ముప్పై రెండేళ్ళు ఆ ఫోన్‌లో నేను పుట్టి మునిగినట్టు అరిచిందంతా వెలుతురు గురించే. ఇప్పుడు నిజంగా మునుగుతుంటే నా మాట ఎవడు వింటాడు. నా గది తెర మీద కూడా అదే దృశ్యం నడుస్తోంది. ఆమె ఐదో బోల్టు మీద పానా ఆనించింది. మోచేతి దాకా శరీరం బరువంతా వేసి తిప్పుతోంది.

మళ్ళీ ఫోన్ ఎత్తాను. మోగుతూనే ఉంది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ ఎత్తాను.

"ఏంటండీ మీరు," అన్నాడు.

"పెట్టెయ్యకండి. ఆ ఫోటో నేను తిప్పేశాను. చిరిగింది ఎడమ గ్లౌజు కాదు, కుడిది. ఆమె ఇప్పుడు పని చేస్తున్న చెయ్యి."

"తిప్పేశానంటే?"

"అద్దంలో చూసినట్టు. కుడి ఎడమైంది, ఎడమ కుడైంది."

"అలా ఎందుకు చేశారు?"

"పేజీకి బాగుంటుందని."

ఫోన్ బల్ల మీద పడేసిన చప్పుడు, కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వినిపించాయి. తర్వాత దూరంగా మేడం గొంతు, మాటలు తెలియలేదు. వెనక ఏదో కదిలినట్టయి తిరిగి చూశాను. తలుపు దగ్గర తమ్ముడు నిలబడి ఉన్నాడు. నా వెనకాలే వచ్చినట్టున్నాడు. మొదటి నుంచీ విన్నాడో, చివర విన్నాడో అడగలేదు. వాడి మొహం చూస్తే అడగాల్సిన పని లేదు.

తెర మీద ఆమె ఐదోది విప్పేసి ఆరోదాని మీద పానా పెట్టింది.

"కేంద్రం నుంచి. పని ఆపు," అంది ఒక గొంతు. "పానా వదిలెయ్. కుడిచెయ్యి కదపకు. మళ్ళీ చెబుతున్నాను, కుడిచెయ్యి."

"ఆపాను."

"ఎడమచేత్తో కుడి గ్లౌజు మడత ఎత్తి చూసి, ఏం కనిపిస్తుందో చెప్పు."

ఆమె చెయ్యి నెమ్మదిగా మొహానికి దగ్గరగా తెచ్చుకుంది. దొడ్డు వేళ్ళతో మడత పట్టుబడటం లేదు. ఒకసారి జారింది, రెండోసారి జారింది. నేను టేబుల్ అంచు పట్టుకుని నిలబడ్డాను. మూడోసారి లేచింది.

"పై గుడ్డ బొటనవేలంత పొడవున తెగిపోయింది," అంది. ఇంట్లో సబ్బు అయిపోయిందని చెప్పినంత మామూలుగా ఉంది గొంతు. "మధ్య పొర దారాలు దారాలుగా ఉంది. లోపలి రబ్బరు కనిపిస్తోంది. కాస్త ఉబ్బింది."

ఆ రబ్బరు పొరే గాలిని పట్టి ఉంచేది. దానికి అవతల ఏమీ లేదు.

"వెనక్కి వచ్చెయ్. కుడిచెయ్యి ఛాతీకి ఆనించి ఉంచు. దేన్నీ పట్టుకోకు. తోటివాడు నీ వైపు వస్తున్నాడు."

రెండు చేతులతో పన్నెండు నిమిషాల దారి. ఒక చేత్తో ఎంతో ఎవరూ చెప్పలేదు. ఆమె కొక్కెం తీసి, ముందు కమ్మీకి తగిలించి, అదే చేత్తో వెనకది తీసి, అదే చేత్తో తనను తాను లాక్కుని, మళ్ళీ మొదలుపెడుతోంది. ఏ ఒక్క కొక్కెమూ తొందరగా పడటం లేదు. తోటివాడు స్టేషన్ అవతలి వైపు నుంచి చుట్టి రావాలి. వాడి హెల్మెట్ దీపం ఇంకా కనిపించలేదు.

"పీడనం చెప్పు."

"నాలుగు పాయింట్ మూడు."

అది ఉండాల్సినంత. తమ్ముడు వచ్చి నా పక్కన నిలబడ్డాడు. నన్ను తిడితే బాగుండు అనిపించింది. నన్ను చూడనైనా లేదు.

"నాలుగు పాయింట్ రెండు," అంది మరదలు.

కేంద్రం మూడు క్షణాలు మాట్లాడలేదు. "విన్నాం. దిగుతుందని అనుకున్నదే. సిలిండర్ దానంతటదే భర్తీ చేస్తుంది."

అనుకున్నది కాదని ఆ మూడు క్షణాల్లోనే తెలిసిపోయింది. తమ్ముడికీ తెలిసింది. పెదవులు కదులుతున్నాయి. దేవుణ్ణి తలుచుకుంటున్నాడేమో అనుకున్నాను. చెవి పెడితే, కమ్మీలు లెక్కపెడుతున్నాడు. ఇంకా పద్నాలుగు. ఇంకా పదమూడు. లెక్కల మాస్టారు కదా.

ఇంకా పదకొండు కమ్మీలుండగా కొక్కెం ఇరుక్కుంది. ఎడమచేత్తో లాగుతోంది, రావడం లేదు. రెండో చెయ్యి ఉంటే ఒక్క నొక్కుతో వచ్చేసే కొక్కెం. కుడిచెయ్యి ఛాతీ మీంచి కొంచెం లేచింది.

"వద్దు," అన్నాడు తమ్ముడు తెరతో.

ఆమె చెయ్యి మళ్ళీ ఛాతీకి ఆనించుకుంది. ఆగింది. ఊపిరి రెండుసార్లు పీల్చి వదిలింది. మోకాలు కమ్మీకి ఆనించి, శరీరం మెలితిప్పి, ఎడమచేత్తో కొక్కేన్ని అవతలి వైపు నుంచి నొక్కింది. వచ్చింది.

"నాలుగు పాయింట్ సున్నా," అంది.

అప్పుడు అంచు మీదుగా దీపం కనిపించింది. తోటివాడు వచ్చి ఆమె నడుము పట్టీ పట్టుకున్నాడు. ఇక ఆమె కొక్కేలు కూడా వాడే మార్చాడు. ఆఖరి పది కమ్మీలూ ఆమెను సామానులా ముందుకు తోసుకుంటూ తెచ్చాడు. తలుపులోకి ముందు ఆమెను పంపి, తను దూరి, తలుపు మూశాడు. గాలి నింపడం మొదలైందని కేంద్రం చెప్పేసరికి బయలుదేరిన దగ్గర్నుంచి ఇరవై మూడు నిమిషాలైంది. అప్పటికి ఆమె సూట్‌లో పీడనం మూడు పాయింట్ ఎనిమిది. లోపలి రబ్బరు మీద సూదిమొనంత బెజ్జం పడిందని ఆ తర్వాత చెప్పారు. ఇంకో బోల్టు తిప్పి ఉంటే ఆ బెజ్జం ఎంతయ్యేదో కూడా చెప్పారు. అది ఇక్కడ రాయను.

తమ్ముడు నా గది నేల మీద కూలబడి, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఏడ్చాడు. వాడి భుజం మీద చెయ్యి వేద్దామని వంగాను. ఏ మొహంతో వెయ్యాలో తెలియక మళ్ళీ నిటారుగా నిలబడ్డాను.

ఒంటిగంటకు మేడం వచ్చింది. ఈసారి నడకలో వేగం లేదు. స్టూలు మీద కూర్చుని, చాలాసేపు నా తెర మీద ఉన్న ముప్పై ఒకటో పేజీని చూసింది.

"మార్చలేదన్నారు," అంది.

"తిప్పడం మార్చడం అనుకోలేదండీ."

తల తిప్పి నా వైపు చూసింది. కోప్పడుతుందనుకున్నాను. "ఆ మాటే రాసివ్వండి," అంది. "అక్షరం కూడా సర్దకుండా."

రాసిచ్చాను. పుస్తకం ఆగిపోయింది. నలభై ఎనిమిది ఫోటోల్లో ఎన్ని తిప్పానో రాయమన్నారు. నిజం చెప్పడానికి కూర్చుంటే తొమ్మిది తేలాయి. ఉద్యోగం సంగతి ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఆ పూట ఉద్యోగం గురించి బెంగపడటానికి కూడా నాకు అర్హత లేదనిపించింది.

నాలుగింటికి కుటుంబాల గదిలో ఫోన్ మోగింది. పైనుంచి పది నిమిషాలు మాట్లాడనిస్తారు. తమ్ముడు మాట్లాడాడు. మాట్లాడటం అంటే, ఊఁ అన్నాడు, తిన్నావా అన్నాడు, మళ్ళీ ఊఁ అన్నాడు. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను. కాసేపటికి వాడు ఫోన్ నా వైపు చాచాడు. ఫోటో తిప్పిన సంగతి విన్నాక వాడు నాతో మాట్లాడిన మొదటి మాట ఇదే.

"నిన్నడుగుతోంది అన్నయ్యా."

ఫోన్ అందుకున్నాను.

"బావగారూ," అంది. మాట వెళ్ళి రావడానికి కాస్త ఆలస్యమవుతోంది. "చెయ్యి బాగానే ఉందండీ. మణికట్టు దగ్గర కాస్త కమిలింది, అంతే."

"తప్పు నాదమ్మా. ఫోటో తిప్పింది నేనే. ఎడమ అని చెప్పిందీ నేనే."

"తెలుసండీ, కేంద్రం వాళ్ళు చెప్పారు."

ఆమే మళ్ళీ మాట్లాడింది, ఆ నెమ్మది గొంతుతోనే.

"మీకో సంగతి చెప్పాలి బావగారూ. రేపో మాపో రిపోర్టులో చదువుతారు. అలా తెలిసేకన్నా నేను చెప్పడం మంచిది. పొద్దున ఎడమ గ్లౌజు చూశాక, పనిలో పని కుడిది కూడా ఎత్తి చూద్దామా అన్నాడు తోటివాడు. అర నిమిషం పని. నేనే వద్దన్నాను."

"ఎందుకమ్మా?"

మాట వెళ్ళింది. మాట వచ్చింది.

"మా బావగారు ఎడమ అన్నారంటే ఎడమే అని చెప్పానండీ. ముప్పై ఏళ్ళుగా ఫోటోలే చూస్తున్న మనిషి, ఆయన చూపుకు తిరుగుండదు అన్నాను."

ఆమె నా జవాబు కోసం ఆగింది. ఇంకా మూడు నిమిషాలున్నాయని ఎవరో మధ్యలో చెప్పారు. నేను ఫోన్ తమ్ముడి చేతికిచ్చి వచ్చి సోఫాలో కూర్చున్నాను.